అక్క పెళ్లికి లెన్స్ పెట్టుకోవాలా? ఆర్డర్ కొట్టే ముందు ఆగండి!

ప్రశ్న: డిగ్రీ సెకండియర్ చదువుతున్నా. నా కళ్లద్దాల పవర్ రెండు కళ్లకీ మైనస్ 5.50, సిలిండర్ మైనస్ 1.25. వచ్చే నెల అక్క పెళ్లి. ఈ ఒక్కసారైనా ఫొటోల్లో కళ్లద్దాలు లేకుండా కనిపించాలని ఉంది. ఆన్‌లైన్‌లో గ్రే కలర్ మంత్లీ లెన్స్ చూసి కార్ట్‌లో పెట్టా. ఇదే పవర్ ఇచ్చి ఆర్డర్ చేసేయనా?

జవాబు: వద్దు. లెన్స్ కోరిక తప్పేం కాదు, కానీ మీరు ఎంచుకున్న లెన్స్ మీ కళ్లకు సరిపోయేది కాదు.

ముందు పవర్ సంగతి. కళ్లద్దం కంటికి దాదాపు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్స్ కంటి మీదే కూర్చుంటుంది. పవర్ నాలుగు దాటితే ఈ కాస్త దూరం కూడా లెక్కలోకి వస్తుంది. మీ మైనస్ 5.50 లెన్స్‌కి వచ్చేసరికి సుమారు 5.25 దగ్గరికి దిగుతుంది. అదీగాక ప్యాక్ మీద బీసీ అని 8.4, 8.6 లాంటి అంకెలు ఉంటాయి, చూశారా? అది లెన్స్ వంపు. మరీ బిగుతుగా ఉంటే కన్ను ఎర్రబడుతుంది, వదులైతే రెప్ప వేసినప్పుడల్లా జారుతుంది. ఈ కొలత కళ్లద్దాల చీటీలో ఉండదు. ఆప్టోమెట్రిస్ట్ కంటిని కొలిచి, ట్రయల్ లెన్స్ పెట్టి చూసి చెప్పాల్సిందే.

అసలు చిక్కు సిలిండర్‌తో. నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొర, అంటే కార్నియా, అన్ని వైపులా ఒకే వంపులో లేకపోతే సిలిండర్ వస్తుంది. దీనికి టోరిక్ లెన్స్ కావాలి. కంటిమీద గిర్రున తిరిగిపోకుండా, ఒకే దిశలో నిలిచేలా దాన్ని తయారుచేస్తారు. సిలిండర్ 0.50 అయితే చాలామందికి మామూలు లెన్స్‌తో నడిచిపోతుంది. 1.25 అంటే వదిలేసేంత చిన్నది కాదు. కలర్ లెన్సుల్లో ఎక్కువ వాటికి సిలిండర్ ఉండనే ఉండదు. అంటే ఫొటోలో కళ్లు మెరుస్తాయి, మీకు మాత్రం ఎదురొచ్చిన మేనత్త మసగ్గా కనిపిస్తుంది! చీకట్లో కంటిపాప పెద్దదైనప్పుడు ఆ రంగు అంచు చూపుకి అడ్డం రావచ్చు కూడా.

ఇక మెటీరియల్. కార్నియాలో రక్తనాళాలు ఉండవు, దానికి ఆక్సిజన్ నేరుగా గాలి నుంచే అందాలి. లెన్స్ దానికి దుప్పటి కప్పినట్టే. 1961లో ఒట్టో విక్టర్లే అనే చెక్ శాస్త్రవేత్త పిల్లల బొమ్మల సెట్ విడిభాగాలతో ఇంట్లోనే మెషీన్ కట్టి సాఫ్ట్ లెన్సులు తయారుచేశాడు. అది హైడ్రోజెల్. 1999 నుంచి మార్కెట్లోకి వచ్చిన సిలికాన్ హైడ్రోజెల్ అంతకంటే చాలా ఎక్కువ ఆక్సిజన్‌ని లోపలికి పోనిస్తుంది. పెళ్లంటే తెల్లారుజాము నుంచి అర్ధరాత్రి దాకా కదా, అందుకే ఇది అడిగి తీసుకోండి.

మంత్లీనా, డైలీనా? మంత్లీ అంటే ముప్పైసార్లు వాడుకోవచ్చని కాదు. ప్యాక్ తెరిచిన రోజు నుంచి నెల, అంతే. రెండు రోజులే పెట్టుకున్నా నెలకి పారేయాలి. రోజూ కాలేజీకి పెట్టుకునేవాళ్లకి మంత్లీ చవక. మీలా ఎప్పుడో ఒకసారి వాడేవాళ్లకి డైలీయే మేలు. పొద్దున కొత్తది, రాత్రికి చెత్తబుట్టలోకి. సొల్యూషన్, డబ్బా, కడగడం ఏమీ అక్కర్లేదు. కాబట్టి నా ఓటు సిలికాన్ హైడ్రోజెల్ డైలీ టోరిక్‌కి, అదీ రంగు లేనిదానికి. మీ కళ్లకున్న రంగు చాలు. మీ పవర్‌లో దొరుకుతుందో లేదో షాపులో ముందే అడగండి, టోరిక్‌కి ఒక్కోసారి ఆర్డర్ పెట్టాల్సి వస్తుంది. కళ్లు పొడిబారడం, అలర్జీ, దురద ఉంటే మాత్రం ముందు కంటి డాక్టర్‌కి చూపించుకోండి.

పెళ్లిలో కొన్ని జాగ్రత్తలు. మంగళస్నానం అయ్యాకే లెన్స్ పెట్టుకోండి. కుళాయి నీళ్లు లెన్స్‌కి తగలకూడదు. నీళ్లలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, అది కార్నియాని పట్టుకుంటే చూపే పోవచ్చు. ముందు లెన్స్, తర్వాత మేకప్. తీసేటప్పుడు కూడా ముందు లెన్సే. హోమం పొగకి కాస్త దూరంగా కూర్చోండి. ఆవకాయ కలిపిన చేత్తో కంటిని ముట్టుకుంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు, సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకోండి. పెట్టడం, తీయడం కనీసం వారం ముందు నుంచి ప్రాక్టీస్ చేయండి. చేతులకి గోరింటాకు పెట్టుకుని కూర్చున్నాక నేర్చుకోవడం కుదరదు!

అప్పగింతలయ్యాక అలసిపోయి అలాగే పడుకోవద్దు. లెన్స్‌తో నిద్రపోతే ఇన్ఫెక్షన్ ముప్పు ఆరు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుందని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. కజిన్ అడిగిందని మీ లెన్స్ ఆమెకి ఇవ్వకండి, ఆమెవి మీరు పెట్టుకోకండి. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా వెంటనే తీసేసి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇంట్లో మిగిలిన చుక్కల మందు వేయొద్దు. తీసిన లెన్స్ పారేయకుండా వెంట తీసుకెళ్తే పరీక్షకి పనికొస్తుంది.

కళ్లద్దాలు కూడా బ్యాగులో ఉండాలి. ఫొటోలయ్యాక మార్చుకుంటే బంతి భోజనంలో వడ్డించేవన్నీ హాయిగా చూసుకుంటూ తినొచ్చు.