రచ్చకెక్కిన మాటలు

పల్నాడు జిల్లా రొంపిచెర్లలో బస్సు కోసం నిలిచిన కాలేజీ విద్యార్థుల సంభాషణ పక్కనున్న పెద్దలకు సగమే బోధపడుతుంది. వారికి నచ్చిన సినిమా ‘కేక’. పందెం గెలిచినవాడు ‘ఇరగదీశాడు’. గొప్పలు చెప్పుకొనేవానికి ‘అంత సీను లేదు’. పట్టించుకోనక్కరలేని దానిని ‘లైట్ తీసుకో’వాలి. ఇది తెలుగేనా అని పెద్దల సందేహం. తెలుగే. ‘ఇరగ’ అన్నది ‘విరుగ’ గదా! మొదటి వకారం జారిపోవడం జానపదుల నోట ఎప్పుడూ ఉన్నదే. ఇంగ్లీషు మాట ముందు నిలిచినచోట కూడా వెనుకనుండి వాక్యాన్ని నడిపే క్రియ తెలుగుదే.

అంతకంటె విచిత్రమేమంటే, ఈ కొత్త మాటలలో అనేకం కొత్తవి కావు. ‘రచ్చ చేశాడు’ అంటే నేటి అర్థం గొడవ చేశాడని. రచ్చ అనగా నలుగురూ కూడే చోటు. ఊరి నడుమ రచ్చబండ మీద తగవులు తీరేవి. ‘ఇంట గెలిచి రచ్చ గెలు’ అన్న సామెతలో ఆ అర్థం ఇంకా పదిలంగా ఉన్నది. తగవులు ఠాణాకూ కోర్టుకూ తరలిన పిమ్మట ఆ మాటకు పాత పని తగ్గిపోయినది. పని లేక కూర్చున్న మాటను కుర్రవాళ్లు కొత్త పనిలో పెట్టుకున్నారు. తగవు తీర్చిన చోటి పేరు తగవుకే పేరైనది!

‘సోది’ కూడా అట్టిదే. ఎరుకల స్త్రీ చెప్పే సోదిని ఇల్లాండ్రు చెవులు రిక్కించి వినేవారు. ఇప్పుడు ‘సోది ఆపు’ అంటే విసుగు పుట్టించే మాటలు చాలించుమని. ఇదే అర్థంలో జంధ్యాల ‘నాలుగు స్తంభాలాట’ చిత్రం (1982) ద్వారా ఊరూరా పాకిన ‘సుత్తి’ వీరభద్రరావు, వేలు అనే ఇద్దరు నటులకు ఇంటిపేరు వలె అంటుకొన్నది. నేడది నడివయస్సువారి మాటైపోయినది. ‘నువ్వేమన్నా తురుంఖాన్‌వా’ అని ఎదిరించే కుర్రవానికి తురుంఖాన్ ఎవరో తెలియదు. 1857 జూలై 17న హైదరాబాదులో బ్రిటిషు రెసిడెన్సీపై దాడిచేసిన తుర్రెబాజ్ ఖాన్ పేరే అట్లా మారినదని జనశ్రుతి. వీరుని పేరు ఎకసక్కెమైనందుకు విచారించవలెనో, ఎకసక్కెంగానైనా నిలిచినందుకు సంతోషించవలెనో!

వీధిని సాహిత్యంలోనికి రానివ్వడం తెలుగువారికి కొత్త కాదు. ఇదే జిల్లాలోని వినుకొండ ఇంటిపేరుగా గల వల్లభరాయుని పేర వెలసినది ‘క్రీడాభిరామము’. అది శ్రీనాథునిదే అనే వాదాన్ని అటుంచుదాము. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల వెంట తిరిగి చూచిన పూటకూళ్లిళ్లూ కోడిపందేలూ అందులో ఉన్నవి. కాకతీయుల నాటి జనజీవనం తెలియగోరేవారు నేటికీ ఆ పుస్తకమే తెరుస్తారు.

అన్ని మాటలనూ నెత్తిన పెట్టుకోమని కాదు. ఆడపిల్లను ‘ఫిగరు’ అనీ ‘ఐటం’ అనీ అనడం వ్యాకరణదోషం కాదు, సంస్కారదోషం. కులం పేరును పరిహాసానికి వాడడమూ అంతే. వీటిని చిరునవ్వుతో విననట్లు ఊరుకొని, ‘కేక’ అన్నవానిని బెంచీ ఎక్కించే ఉపాధ్యాయులు లేకపోలేదు. భాషాభిమానం తలక్రిందులైతే ఇట్లాగే ఉంటుంది. ‘కేక’తో చిక్కు వేరు. పాటా కేకే, పులుసూ కేకే, చీరా కేకే అయితే, కమ్మదనానికీ కమనీయతకూ భేదం చెప్పే మాట నోట మిగలదు. ఈ దారిద్ర్యం తిట్టితే పోదు. అర్థం అడిగితే కొంత పోవచ్చును.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం సేద్యపు మాటలను రైతుల నోట విని చేర్చినది. యువకుల మాటలకూ అట్టి పని జరగవలసి ఉన్నది. దానికి పండితసభలు అక్కరలేదు. వారానికి ఒక తెలుగు పీరియడు చాలును. మాట ఏది, ఎవరు ఎవరితో అంటారు, ఇంట్లో పెద్దలకు అది ఏ అర్థం ఇస్తుంది అని ఒక నోటుబుక్కులో ఎక్కించవచ్చును. రొంపిచెర్ల పిల్లలు తమ ఊరిపేరుతోనే ప్రారంభింపవచ్చును. రొంపి అంటే బురద. చిక్కులో పడినవాడు ‘ఈ రొంపిలో ఎందుకు దిగానురా’ అంటాడు. పడిశానికీ రొంపి అనే పేరున్నది. బురదకూ పడిశానికీ ఒకే మాట ఎట్లా కుదిరినదో నాయనమ్మలను అడిగి వ్రాసుకొని రావచ్చును.