మన పిల్లల పంతులమ్మకు మూడు రోజుల ట్రైనింగేనా?

పొద్దున మరిపెడ బంగ్లా సెంటర్లో నిలబడి చూడండి. వరంగల్–ఖమ్మం రోడ్డు మీద పసుపుపచ్చ బస్సులు, వ్యాన్లు, ఆటోలు వరుసబెట్టి పోతుంటాయి. మెడకు టై బిగించిన మూడేండ్ల పిల్లలు, నాలుగేండ్ల పిల్లలు కిటికీల్లోంచి తొంగి చూస్తుంటారు. ఎల్.కె.జి. అట, యు.కె.జి. అట. ఇంకొద్దిసేపటికి మాదిగ వాడల నుంచి, మాల వాడల నుంచి, తండాల నుంచి అదే ఈడు పిల్లలు అంగన్‌వాడికి నడిచి పోతారు. తల్లి మిరప తోటకో, పత్తి చేనుకో కూలికి పోవాలె. పిల్ల భద్రంగా ఉండాలె, కడుపు నిండాలె, నాలుగు మాటలు నేర్వాలె.

బస్సెక్కిన పిల్లా, నడిచిపోయిన పిల్లా పుట్టుకతోటి ఒకే తెలివి గలవాళ్లు. ఆరేండ్లు వచ్చేసరికి మాత్రం ఒకామె ‘షార్పు’, ఇంకొకామె ‘మొద్దు’ అయిపోతుంది. ఒకటో తరగతిలో చేరిన నాడే మన పిల్లను ఎనుక కూచోబెట్టి ‘మీ పిల్లకు సదువు అబ్బదమ్మా’ అని తల్లికి చెప్పి పంపుతారు. ఈ మూడేండ్లల్ల ఏం జరిగింది? మొద్దును చేసిందెవరు?

భూమి అడిగినం. రిజర్వేషన్ అడిగినం. హాస్టల్లో పురుగుల అన్నం మీద కొట్లాడినం. అంగన్‌వాడి దగ్గరికొచ్చేసరికి ‘గుడ్డు ఇస్తున్నరా, బాలామృతం ఇస్తున్నరా’ అని అడిగి ఊకున్నం. గుడ్డు అడగడం తప్పు కాదు, అది మన పిల్లల హక్కు. కాని అక్కడ పాఠం చెప్పే అక్కకు పాఠం చెప్పడం ఎవరన్నా నేర్పిండ్రా అని మనం ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడగాలె.

రెండేండ్లు ఎక్కడ, మూడు రోజులు ఎక్కడ?

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో చేసిన నిబంధనల్లో, బడికి ముందటి చదువు చెప్పే టీచర్ల కోసం ఇంటర్ తర్వాత రెండేండ్ల డిప్లొమా పెట్టింది. ఎందుకు రెండేండ్లు? పసిపిల్లలకు చెప్పడం తేలిక పని కాదు కనుక. మూడేండ్ల పిల్ల చెయ్యి పట్టుకొని పలక మీద ‘అ’ దిద్దించడం చదువు కాదు. పాటతో మాట రావాలె. మట్టి పిసికితే వేళ్లకు పట్టు రావాలె. కందులు, పెసర్లు వేరు చేస్తుంటే లెక్క తెలవాలె. సరిగా వినపడని పిల్లను ‘మొండిది’ అని కొట్టకుండా, చెవి సంగతి గుర్తుపట్టి దవాఖానకు పంపాలె. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లను, ఆ భాషను ఎక్కిరించకుండా, తెలుగులోకి నడిపించుకు రావాలె. ఒకే గదిలో మూడేండ్లోళ్లను, ఐదేండ్లోళ్లను కలిపి ఆడించాలె. ఈ పని నేర్చుకుంటే వస్తది, ఊరికే రాదు.

ఇక అంగన్‌వాడి లెక్క చూడండి. ఐ.సి.డి.ఎస్. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, దవాఖానకు పంపడం, తల్లులకు ఆరోగ్య బోధ, చిన్నపిల్లల చదువు – ఆరు సేవలు ఒక్క ఆడమనిషి నెత్తిన పెట్టారు. ఈ అన్నిటికీ కలిపి ఉద్యోగ శిక్షణ చాలా ఏండ్లు 26 పనిదినాలే. అందులో చదువుకు ఎన్ని దినాలు దక్కుతాయో మీరే లెక్కేసుకోండి.

2023 మే 10న కేంద్ర ప్రభుత్వం ‘పోషణ్ భీ పఢాయీ భీ’ అని ఆర్భాటంగా మొదలుపెట్టింది. తిండే కాదు, ఇకనుంచి చదువు కూడా అన్నది. మంచిదే. దానికి అంగన్‌వాడి టీచర్లకు పెట్టిన ట్రైనింగు ఎన్ని రోజులు? మూడు రోజులు! 2024లో మూడు నుంచి ఆరేండ్ల పిల్లల కోసం ‘ఆధారశిల’ అని పాఠ్య ప్రణాళిక తెచ్చారు. ఆధారశిల అంటే పునాది రాయి. పునాది రాయి పెట్టే మేస్త్రికి మూడు రోజులు పని నేర్పి ఇల్లు కట్టుమంటే, ఆ ఇంట్లో మంత్రులు కాపురం ఉంటరా? బండి నడిపే లైసెన్సు కావాలన్నా లర్నింగు చేతికొచ్చినంక నెల రోజులు ఆగుమంటది చట్టం. బండికి నెల, బిడ్డకు మూడు రోజులు!

వీళ్లు రాసుకున్న కాగితమే వీళ్లను తప్పు పడుతున్నది. 2020 జాతీయ విద్యా విధానం ఏమన్నది? ఇంటర్ చదివిన అంగన్‌వాడి టీచరుకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినామెకు ఏడాది డిప్లొమా ఇవ్వాలన్నది. అది కూడా టీవీ చానళ్ల మీద, సెల్‌ఫోన్ల మీద, నెలకు కనీసం ఒక్క ముఖాముఖి తరగతితో నడిపించవచ్చునన్నది. సిగ్నల్ అందని తండాలో, పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే, ఫోన్లో పోషణ్ ట్రాకర్ నింపుకుంటూ అదే ఫోన్లో ట్రైనింగు కావాలట. ఈత నేర్వాలంటే బాయిల దిగాలె, ఫోన్ల చూస్తే రాదు. పిల్లల నడుమ, అనుభవం ఉన్న టీచరు పక్కన కూచొని నేర్వాల్సిన పని ఇది.

ప్రైవేటు బడుల్లో పసిపిల్లలకు చెప్పే అమ్మాయిలందరికీ ట్రైనింగు ఉన్నదా అని మీరు అడగొచ్చు. టై కట్టినంత మాత్రాన అది బడి కాదు. పిల్లకు టై, అమ్మాయికి చాలని జీతం. అది పైసలు పెట్టి కొనుక్కునే మోసం, ఇది సర్కారు ఉచితంగా ఇచ్చే మోసం. రెంటికీ మందు ఒక్కటే: సర్కారు బాధ్యత.

హక్కు నుంచి కోసేసిన ఆరేండ్లు

ఇది మరపు వల్ల జరిగింది కాదు. బాబాసాహెబ్ అధ్యక్షతన రాసిన రాజ్యాంగంలో 45వ అధికరణం, పదేండ్లలోపల 14 ఏండ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అన్నది. ఆరేండ్ల నుంచి అని అక్కడ లేదు. 1993లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే పోయిన ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు, 14 ఏండ్ల దాకా చదువు ప్రాథమిక హక్కు అన్నది. 2002లో 86వ సవరణ తెచ్చి ఏం చేశారు? హక్కును ఆరు నుంచి పద్నాలుగుకు కుదించారు. ఆరేండ్లలోపు పిల్లలను మళ్లీ ‘ప్రయత్నం చేస్తాం’ అనే ఆదేశ సూత్రాల్లోకి నెట్టారు. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ కూడా ఈ పిల్లల కోసం ప్రభుత్వం ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అన్నది కాని ‘చేయాలి’ అనలేదు.

‘చేయవచ్చు’ అన్న ఆ ఒక్క మాట కిందనే మన పిల్లలు నలిగిపోతున్నరు. పిల్లకు హక్కు లేదు కనుక టీచరుకు అర్హత అవసరం లేదు. టీచరుకు శిక్షణ లేదు కనుక ఆమె టీచరే కాదు, ‘సేవకురాలు’. సేవకురాలు కనుక జీతం కాదు, ‘గౌరవ వేతనం’. గొలుసు ఎట్లా పేనిండ్రో చూడండి! కేంద్రం తన వంతుగా 2018 అక్టోబర్ నుంచి నెలకు 4,500 రూపాయలు అన్నది. తెలంగాణలో రాష్ట్రం వాటా కూడా కలిపి 2021లో టీచరుకు 13,650, ఆయాకు 7,800 చేశారు. వీళ్లు ప్రభుత్వ ఉద్యోగులు కారని 2006లో సుప్రీంకోర్టే చెప్పింది. 2022 ఏప్రిల్‌లో అదే కోర్టు, వీళ్లకు గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. 2023 సెప్టెంబర్‌లో తెలంగాణ అంగన్‌వాడి అక్కలు సమ్మెకు దిగారు. ఆనాడు వాళ్ల టెంటు కింద మనం ఎందరం కూచున్నం? మనకు మనమే జవాబు చెప్పుకోవాలె.

కుర్చీ ఎవరిది? పొయ్యి ఎవరిది?

నేను తిరిగిన ఊర్లల్లో చూసింది చెబుతా, ఊరి పేరు అక్కర లేదు. సెంటరు ఊరి నడుమ ఉంటే టీచరు కుర్చీ ఊరోళ్లది, చీపురు వాడ ఆడామెది. సెంటరు వాడలో ఉంటే ఊరి పిల్లలు రారు, గుడ్లు మాత్రం ఊరికి నడిచిపోతయి. ఒక సెంటర్ల ఇరవై ఏండ్లుగా ఆయాగా చేస్తున్న మాదిగ పెద్దమ్మ నాతోటి అన్నది: ‘టీచరమ్మ మీటింగుకు పోతే పిల్లలకు పాట చెప్పేది నేనే బిడ్డా. ఏడ్చే పిల్లను ఊకోబెట్టేది నేనే. కని నాకు రాదంటరు. రాదన్నోళ్లే గని, నేర్పినోళ్లు ఒక్కరు లేరు.’

ఈ ఒక్క మాట ముందర ‘మెరిట్’ మీద రాసిన పుస్తకాలన్నీ దండగ. 2022 మార్గదర్శకాల్లో కేంద్రం ఏమని రాసింది? ఐదేండ్ల అనుభవం ఉన్న ఆయాలకు ప్రమోషన్ ఇచ్చి టీచరు పోస్టుల్లో సగం నింపాలని. వినడానికి ఇంపుగానే ఉంది. కాని మిగిలిన అర్హతలన్నీ ఉండాలని కొసన కొర్రీ పెట్టారు. ఆ అర్హత ఇంటర్. ఏడో తరగతితో బడి మానేసి కూలికి పోయిన మన పెద్దమ్మకు ఆ ఇంటర్ చదివించే బాధ్యత ఎవరిది? తలుపు తీసి, మెట్లు పీకేసినట్టున్నది.

మన ఆడామె వండితే తినం అనేటోళ్లు ఈ దేశంలో ఇంకా ఉన్నరు. 2018లో తమిళనాడు తిరుప్పూర్ జిల్లాలో ఒక దళిత మహిళ బడిలో వండొద్దని అగ్రకులాలు అడ్డం తిరిగితే, అధికారులు ఆమెనే బదిలీ చేశారు. గొడవయినంక వెనక్కి తగ్గారు. 2021 డిసెంబర్‌లో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో పిల్లలే దళిత మహిళ వండిన అన్నం ముట్టమన్నరు. ఆ పిల్లలకు అంటరానితనం ఎవరు నేర్పిండ్రు? ఇల్లు నేర్పింది. దాన్ని మరిపించగలిగింది మూడేండ్ల నాడు పక్కపక్కన కూచోబెట్టి తినిపించే పంతులమ్మే. ఆ పంతులమ్మకు కులం ఎట్లా పనిచేస్తదో, దాన్ని గదిలోకి రాకుండా ఎట్లా ఆపాలో నేర్పాలె. మూడు రోజుల్లో దానికి తీరిక ఎక్కడిది?

ట్రైనింగు మనకు కొత్త కాదు

సావిత్రీబాయి ఫూలే 1848లో పుణెలో ఊరికే బడి తెరవలేదు. భర్త జోతీరావు దగ్గర అక్షరాలు నేర్చి, అహ్మద్‌నగర్‌లో, పుణెలో టీచరు ట్రైనింగు తీసుకున్నది. ఆ బడుల్లో చదివిన మాంగ్ కులపు పిల్ల ముక్తాబాయి 1855లో, అంటే పద్నాలుగేండ్ల ఈడులో, మాంగ్, మహర్ల కష్టం మీద వ్యాసం రాసి అచ్చేయించింది. మాంగ్ అంటే మనదగ్గరి మాదిగల వంటి కులం. నేర్చిన పంతులమ్మ దొరికితే మన పిల్ల ఏమైతదో అప్పుడే తేలిపోయింది.

హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1910 నుంచే అంటరాని పిల్లలకు బడులు పెట్టాడు. ఇక మనం ఓటేసే నియోజకవర్గం పేరే డోర్నకల్. అక్కడ 1912లో బిషప్ అయిన అజరయ్య మాల, మాదిగ వాడల నుంచే మనుషులను ఎంచి, ట్రైనింగు ఇచ్చి, పల్లెలకు పంతుళ్లుగా పంపాడు. మతం సంగతి పక్కన పెట్టండి. వందేండ్ల కింద మన పక్క ఊర్లో జరిగిన పని, ఇంత పెద్ద సర్కారుకు ఇయ్యాల ఎందుకు చేతగాదు?

‘అంగన్‌వాడి’ అన్న మాట కూడా గుర్తు చేసుకోవాలె. 1945లో తారాబాయి మోదక్ బొంబాయి రాష్ట్రంలోని బోర్డీ పల్లెలో పేదల పిల్లల కోసం బాలవాడి మొదలుపెట్టింది. పిల్ల బడికి రాకుంటే బడే పిల్ల ఉన్న వాకిట్లోకి పోవాలన్నది. అంగన్ అంటే వాకిలి. చదువు మన వాకిట్లోకి రావాలని పుట్టిన పేరు అది. మన వాకిట్లోకి గంజి వచ్చింది, చదువు గడప అవతలే ఆగిపోయింది.

మీరే అంటరు...

‘ట్రైనింగు, అర్హత అని మనమే అడిగితే, తక్కువ చదివిన మన ఆడోళ్లను తీసేసి ఊరోళ్ల ఇంటర్ పిల్లలను పెడ్తరు గదా’ అని కొందరు అక్కలు భయపడుతున్నరు. ఆ భయం ఉత్తది కాదు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం కొన్ని సర్కారు బడుల్లో ప్రీ-ప్రైమరీ తరగతులు పెడితే, తమ సెంటర్లు ఖాళీ అయితయని అంగన్‌వాడి టీచర్లు రోడ్డెక్కారు. అందుకే మన మాట తేటగా ఉండాలె. ఉన్నోళ్లను తీసెయ్యడం కాదు, ఉన్నోళ్లకు నేర్పాలె. జీతం ఇస్తూ నేర్పాలె. నేర్చినోళ్లను టీచర్లని ఒప్పుకోవాలె.

మన డిమాండ్లు ఇవి:

ఒకటి, అంగన్‌వాడి టీచర్లకు జీతంతో కూడిన, ముఖాముఖి, ప్రభుత్వం గుర్తించే పూర్తికాలపు శిక్షణ. పోయిన టీచరు స్థానంలో ఆ కాలానికి ఇంకొకరిని పెట్టాలె.

రెండు, ఆయాలకు పది, ఇంటర్ ఓపెన్ స్కూలు ఫీజులు, పుస్తకాలు, సెలవులు సర్కారే ఇచ్చి, ఆ తర్వాత టీచరు శిక్షణలో మొదటి సీట్లు వాళ్లకే.

మూడు, శిక్షణలో కులం, అంటరానితనం మీద పాఠం. తండాల సెంటర్లకు లంబాడీ వచ్చిన టీచర్లు.

నాలుగు, వాడల్లో, తండాల్లో సెంటర్లు. ఎస్సీ, ఎస్టీ వాడలకు ముందు ఇవ్వాలని, ఆరేండ్లలోపు పిల్లలు 40 మంది ఉన్నచోట అడిగిన మూడు నెలల్లో సెంటరు పెట్టాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబర్ 13న చెప్పింది. ఆ కాగితం చేతిలో పట్టుకొనే అడగండి.

కార్యకర్తలకు ఒక మాట. వచ్చే పక్షంలోపు మీ ఊరి సెంటరుకు పోండి. తనిఖీకి వచ్చిన దొరల్లెక్క కాదు, తమ్ముళ్లుగా, చెల్లెండ్లుగా పోండి. ‘అక్కా, నీకు ఎన్ని దినాలు ట్రైనింగు ఇచ్చిండ్రు? అందులో పిల్లలకు చదువు చెప్పడం మీద ఎన్ని దినాలు? చివరిసారి ఎప్పుడు?’ అని అడిగి రాసుకోండి. ఆయమ్మను కూడా అడగండి, ఆమెను మరువొద్దు. సమాచార హక్కు చట్టం కింద ప్రాజెక్టు ఆఫీసుకు ఇవే ప్రశ్నలు పంపండి. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి గ్రామసభలో అందరి ముందర చదవండి. ఆ దినం కూలి పోయినా సరే, తల్లులను తీసుకొని రండి.

గుడ్డు కోసం వరుసలో నిలబడ్డ పిల్ల రేపు జిల్లా కలెక్టరు కుర్చీలో కూచోవాలంటే, ఇయ్యాల ఆమె పక్కన చాప మీద కూచునే పంతులమ్మ పని నేర్చినామె కావాలె. మూడు రోజుల ముష్టి మాకొద్దు. పూర్తి చదువు కావాలె, పిల్లకూ, పంతులమ్మకూ.

జై భీమ్!