బంధువాచకాలు ఎరువు రావన్న నమ్మకం: ఉరాలిక్ భాషల సాక్ష్యం

భాషాకుటుంబాల చర్చల్లో ఒక సూత్రం తరచు వినబడుతుంది. బంధువాచకాలు మూలపదజాలానికి చెందినవి, ఏ భాషా వాటిని ఎరువు తెచ్చుకోదు, కనుక రెండు భాషల్లో అవి పోలితే ఆ భాషలు జ్ఞాతులే అన్నది దాని సారాంశం. ఈ సూత్రం నిలవదని చూపడానికి ఉరాలిక్ భాషల్లో ఒకటైన ఫిన్నిష్ చాలు.

ఫిన్నిష్‌లో తల్లి ‘ఐతి’. ఇది జర్మానిక్ ఆదానం, గోథిక్ ‘ఐథీ’కి సోదర రూపం. సోదరి ‘సిసర్’, కూతురు ‘త్యుతర్’, పెళ్లికూతురు ‘మొర్సియన్’. ఈ మూడూ బాల్టిక్ ఆదానాలు. బాల్టిక్ భాషలు ఇండో-యూరోపియన్ కుటుంబానివి కనుక ‘సిసర్’ మూలం సంస్కృత ‘స్వసృ’తో, ‘త్యుతర్’ మూలం ‘దుహితృ’తో కలుస్తుంది. పై సూత్రాన్ని పాటిస్తే ఫిన్నిష్ సంస్కృతానికి జ్ఞాతి కావాలి. ఆ మాట ఎవరూ ఒప్పుకోరు.

ఇక్కడ మరొక వాదం తలెత్తుతుంది: భావం లేనందువల్లే పదం ఎరువు వచ్చిందని. అదీ తప్పే. తల్లికి ఫిన్నిష్‌లో ‘ఎమ’ అనే దేశ్యపదం ఉంది. అది నశించలేదు, అర్థసంకోచం పొంది ప్రధానంగా జంతువుల తల్లికి పరిమితమైంది. సోదర భాష ఎస్తోనియన్‌లో మనుషుల తల్లికి నేటికీ ‘ఎమ’యే సామాన్య పదం.

అరువు పదాలు స్త్రీవాచకాలు కావడం చూసి, ఫిన్నులు బాల్టిక్ కన్యలను పెళ్లాడిన ఫలితమే ఇదనడం ఆకర్షణీయమే, కాని తొందరపాటు. ‘ఐతి’ వచ్చింది జర్మానిక్ నుంచి. కోడలికి ఉన్న ‘మినియ’ దేశ్యమే. హంగేరియన్ ‘మెన్య్’ దాని సజాతీయం. అదే హంగేరియన్‌లో మనుమలను తెలిపే ‘ఉనొక’, కుటుంబాన్ని తెలిపే ‘చలాద్’ స్లావిక్ ఆదానాలు. వీటిలో ఏదీ స్త్రీవాచకం కాదు.

జ్ఞాతిత్వాన్ని నిరూపించేది అర్థవర్గం కాదు, క్రమబద్ధమైన ధ్వని అనురూపత. ఫిన్నిష్ పదాది పకారానికి హంగేరియన్‌లో ఫకారం వస్తుంది: కొడుకు ‘పొయిక’–‘ఫియు’, చెట్టు ‘పూ’–‘ఫ’, గూడు ‘పెస’–‘ఫేసెక్’. ఇక్కడ కొడుకు చెట్టుకన్నా బలమైన సాక్షి కాదు. మూడూ ఒకే నియమానికి లోబడడమే సాక్ష్యం.

తెలుగు విషయమూ ఇంతే. ‘ఆలు’, ‘మగడు’ దేశ్యాలు. మర్యాద వాడుకలో వాటి స్థానాన్ని సంస్కృత ‘భార్య’, ‘భర్త’ చాలావరకు ఆక్రమించాయి. అంతమాత్రాన తెలుగు సంస్కృతజన్యం కాదు, తెలుగువారికి దాంపత్యం మరొకరు నేర్పిందీ కాదు. ఇంటిపదం ఎరువు రాదనే నమ్మకాన్ని వదిలితేనే ఆదాన చరిత్రను చదవడం సాధ్యమవుతుంది.