పట్టినవాడి పేరు రాసేదెవరు?

శారదా తీరం · చోడవరం

2025 ఆగస్టు 28న మైకా పార్సన్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాణ్ణి డల్లస్ కౌబాయ్స్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్‌కు అప్పగించింది. ప్యాకర్స్ అతనితో నాలుగేళ్లకు 18 కోట్ల 80 లక్షల డాలర్ల ఒప్పందం రాసుకుంది. మన డబ్బుల్లో పదహారు వందల కోట్ల పైమాటే. ఇంతకీ పార్సన్స్ బంతి విసరడు, బంతి పట్టుకుని గీత దాటడు. ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్‌ను, అంటే బంతి విసిరి ఆట నడిపేవాణ్ణి, చేతిలో బంతి ఉండగానే నేల కరిపించడం అతని పని. అడ్డంగా నిలబడే ఒక్కొక్కరు నూట ముప్పై కిలోలు పైనే ఉంటారు. వాళ్లను దాటుకుని పోవాలి, అదీ రెండు మూడు సెకన్లలో.

ఆ మర్నాడే విశాఖపట్నంలో ప్రో కబడ్డీ పన్నెండో సీజన్ మొదలైంది. తొలి ఆట తెలుగు టైటాన్స్‌కూ తమిళ్ తలైవాస్‌కూ. కబడ్డీ అంటే చెవికోసుకునే చోడవరం కుర్రాళ్లకు విశాఖ ఎంత దూరం గనక! రైడర్ కూతకెళితే ఈలలు, అరుపులు. మూల నుంచి దూకి అదే రైడర్ చీలమండ దొరకబుచ్చుకున్నవాడి పేరు ఆట చూసొచ్చినవాణ్ణి అడిగితే, ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

వేలంలోనూ అదే వరస. 2023 వేలంలో పవన్ సెహ్రావత్ కోసం టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టింది. అతను రైడర్. పట్టులో సాటిలేనివాడని పేరున్న ఇరాన్ ఆటగాడు ఫజల్ అత్రాచలికి అదే వేలంలో గుజరాత్ ఇచ్చింది కోటి అరవై లక్షలు. డబ్బున్న అమెరికాలోనూ తేడా ఉంది. పార్సన్స్‌కు సగటున ఏడాదికి 4 కోట్ల 70 లక్షల డాలర్లు వస్తే, అతను వదిలి వచ్చిన డల్లస్ జట్టులోనే క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కు 6 కోట్లు.

జీతం సంగతి అలా ఉంచండి. అసలు గొడవ లెక్క దగ్గర ఉంది.

డీకన్ జోన్స్ అని 1960ల్లో లాస్ ఏంజెలెస్ రామ్స్‌కు ఆడిన నల్లజాతి ఆటగాడు. 1961లో అతణ్ణి పద్నాలుగో రౌండ్‌లో, ఎవరికీ పట్టని చోట ఎంపిక చేశారు. క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడాన్ని ‘శాక్’ అనడం వాడుకలోకి తెచ్చింది అతనేనంటారు. అడ్డొచ్చినవాడి తలమీద ఒక్క చరుపు చరిచి దాటిపోయేవాడు. ఆ చరుపును తర్వాత, 1977లో, నిషేధించారు. ఆటకు మాటనిచ్చి, ఆట నియమాలనే మార్పించినవాడికి అధికారిక లెక్కలో ఎన్ని శాక్‌లున్నాయి? ఒక్కటీ లేదు. జోన్స్ 1974లో ఆట మానేశాడు. లీగ్ ఒక్కో ఆటగాడి శాక్‌లను అధికారికంగా లెక్కపెట్టడం మొదలెట్టింది 1982లో. పాత ఆటల వివరాలు తవ్వి తీసినవాళ్లు అతని ఖాతాలో 173న్నర శాక్‌లు తేల్చారు. సగం ఎలాగంటారా? ఇద్దరు కలిసి పడగొడితే చెరిసగం రాస్తారు. సమష్టి పట్టులో ఎవరి వాటా ఎంతో రాయడానికి ఇంతకంటే సులువైన దారి కనబడదు.

మన నేల మీది కథ ఇంకా ముచ్చటైనది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో ఎదిగిన ఫుట్‌బాల్ డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో అతని నాయకత్వంలో భారత్ కాంస్యం గెలిచింది. ఆ తర్వాత ఇప్పటిదాకా పురుషుల ఫుట్‌బాల్‌లో మనకు ఆసియా క్రీడల పతకమే లేదు. శిక్షకుడిగా మారిన నయీముద్దీన్‌కు 1990లో ద్రోణాచార్య ఇచ్చారు. ఆటగాళ్లకిచ్చే అర్జున ఎప్పుడొచ్చిందనుకున్నారు? 1997లో. గురువుగా గుర్తించిన ఏడేళ్లకుగానీ ఆటగాడని గుర్తు రాలేదు.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. హైదరాబాదీ కోచ్ రహీం జట్టులో జర్నైల్ సింగ్ డిఫెండర్. టోర్నీలో తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, రహీం అతణ్ణి ముందు వరుసలో ఆడించాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద గోలు కొట్టాడు, భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. జర్నైల్ ఏళ్ల తరబడి ఆపిన బంతులెన్నో ఎవరూ చెప్పలేరు. ఆ ఒక్క గోలు మాత్రం అందరూ చెబుతారు.

పట్టినవాడి లెక్క రాసే విషయంలో ప్రో కబడ్డీని మెచ్చుకోవాలి. ట్యాకిల్ పాయింట్లను మనిషి పేరున రాస్తుంది. ముగ్గురో అంతకన్నా తక్కువమందో మిగిలిన జట్టు రైడర్‌ను పడితే అదనంగా ఒక పాయింటు ఇస్తుంది. ఒకే ఆటలో అయిదు ట్యాకిల్ పాయింట్లు తెచ్చుకుంటే ‘హై ఫైవ్’ అని విడిగా చెబుతుంది. మరి ఊళ్లలో? సంక్రాంతి పోటీల స్కోరు కాగితం చాలాచోట్ల రెండే గళ్లు: ఈ జట్టుకింత, ఆ జట్టుకింత. రైడర్ పేరు మైకులో నాలుగుసార్లు వినబడుతుంది కాబట్టి బతికిపోతుంది. కార్నర్‌లో ఆడే కుర్రాడు రేపు జిల్లా జట్టు ఎంపికకు వెళ్లి ‘నేను బాగా పడతాను సార్’ అనడం తప్ప చూపించుకోవడానికి చేతిలో ఏముంటుంది?

దీనికి కోట్లేమీ అక్కర్లేదు. పండగ పోటీలు పెట్టే కుర్రసంఘాలు కాగితం మీద ఇంకో గడి గీసి, పట్టిన ప్రతిసారీ మొదట చెయ్యి వేసినవాడి పేరు, సాయం పట్టినవాడి పేరు రాస్తే చాలు. ఇద్దరూ ఒకేసారి పడితే అమెరికావాళ్లలాగే చెరో సగం వేసుకోండి. గొడవలొస్తాయా? వస్తాయి. రైడర్ తాకాడా లేదా అన్నదానిమీద ఇప్పుడు మాత్రం రావడం లేదా! పోటీ అయ్యాక ఆ కాగితాన్ని పారేయకుండా ఫొటో తీసి ఆడిన పిల్లలకు పంపండి. వచ్చే సంక్రాంతికి ఇంకా టైముంది.