కొండదారి జీపులకు దీపములు

కొండదారులలో తిరుగు జీపులకు అదనపు దీపములు అమర్చుట నేడొక వేడుకయైనది. దీపము వలదని మేమనము. ఏ దీపము ఎక్కడ నుండవలెనన్నదే మా ప్రశ్న.

అంగడిలో పలువురు వాట్ల సంఖ్య చూచి బేరమాడుదురు. వాటు దీపము త్రాగు విద్యుత్తునకు కొలత. వెలుగునకు కొలత ల్యూమెను. 55 వాట్ల హాలోజెను దీపములు రెండు 12 వోల్టుల బ్యాటరీనుండి ఇంచుమించు 9 ఆంపియర్లు లాగును. ఫ్యూజు, రిలే లేక కలిపినచో తీగ వేడెక్కి కాలవచ్చును.

పొగమంచులో పైకప్పు దీపము నిష్ప్రయోజనము. నీటి తుంపురులపై బడిన కాంతి తిరిగివచ్చి చోదకుని కన్నులనే కప్పును. బంపరు కడ, వెడల్పుగా, నేలబారుగా ప్రసరించు దీపమే దారి చూపును. ఇక బండి అడుగున అమర్చు చిన్న దీపములను కొందరు వట్టి అలంకారమందురు. మాకట్లు తోచదు. రాళ్లపై నడక వేగమున పోవునపుడు చక్రమే రాతిపై నెక్కుచున్నదో, క్రిందికి దిగి త్రోవ చెప్పు తోడివానికి చూపునవి అవియే. రంగులు మాత్రమేల? తెలుపు చాలును.

ఊరిబాట చేరగానే ఇవన్నియు ఆర్పవలెను. బండి ముందువైపు స్పాట్ లైటు సామాన్యముగా కూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములే చెప్పుచున్నవి. చీకటిపడిన పిమ్మట బడినుండి బాట అంచున నడచివచ్చు మాకు ఆ వెలుగు ఎదురైన క్షణమున గట్టేదో గోతియేదో తెలియదు. దీపము కొను తండ్రులు ఒక్కమారు దానికెదురుగా నిలిచి చూతురుగాక.