పొట్ట నాదే, పూచీ నాదే

కిందటి ఏడాది మన దీపావళి విందులో బఫే లైనులో నిలబడి ఉండగా ఒక పెద్దాయన నా పళ్ళెంకేసి చూసి, "డాక్టరు గారూ, మాకేమో అన్నం తగ్గించమంటారు, మీరేమో పులిహోరకి రెండో ట్రిప్పు వేస్తున్నారే!" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆయనకి తెలియని సంగతేమిటంటే, అంతకు వారం ముందే నా రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. ఏ1సి 6.2. ఈ అంకె 5.7 నుంచి 6.4 దాకా ఉంటే మధుమేహం గుమ్మంలో నిలబడ్డట్టు. 6.5కి చేరితే ఇంట్లో అడుగు పెట్టినట్టే. పేషెంట్లకు రోజూ ఈ మాట చెప్పే నేను, నా కాగితాన్ని మాత్రం సొరుగులో అడుగున దాచేశాను.

మా నాన్నగారు యాభై ఎనిమిదో ఏట గుండెపోటుతో పోయారు. ఆయన లావు మనిషేమీ కాదు. కాళ్ళూ చేతులూ సన్నం, నడుం దగ్గర మాత్రం చిన్న కుండ. మనలో చాలామందిది ఇదే వాటం. మన వాళ్ళకి తక్కువ బరువులోనే చక్కెర జబ్బు వస్తుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వారు 2015లో, బరువును బట్టి పరీక్ష చేయించే హద్దును ఆసియా సంతతివారికి బీఎంఐ 25 నుంచి 23కి దించారు. నడుం చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదు. ప్యాంటు సైజు చూసి మురిసిపోకండి. దాన్ని పొట్ట కింద కడతాం కాబట్టి అది అబద్ధం చెబుతుంది. టేపు పెట్టి కొలవాలి.

"మా వంశంలోనే ఉందండీ, మన చేతిలో ఏముంది?" అంటారు చాలామంది. వంశం మాట నిజమే. లావుగా ఉన్నవారిని నోరు కట్టుకోలేరని వెక్కిరించడం కూడా తప్పే. కాని మన చేతిలో ఉన్నది తక్కువేమీ కాదు. ఈ దేశంలోనే 3,234 మందితో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారిలో తగ్గింది 31 శాతమే.

ఇదంతా నాకు కంఠతా వచ్చు. అయినా మార్చిలో టాక్సు కాగితాల కోసం మా ఆవిడ ఆ సొరుగు తీసేదాకా నేను కదలలేదు. రిపోర్టు నా ముందు పెట్టి, "ఇదే మీ పేషెంటుదైతే ఏం చెప్పేవారు?" అని ఒక్క మాట అడిగింది. జవాబు లేదు. ఆ రాత్రే కోట్లు వేసుకుని ఇద్దరం చలిలో నడకకి బయలుదేరాం.

మేము చేసింది బ్రహ్మవిద్య కాదు. భోజనం తరవాత అరగంట నడక, వారానికి అయిదు రోజులు. ఒక కప్పు అన్నంలో సుమారు 200 కేలరీలు. నేను పూటకి మూడు కప్పులు లాగించేవాణ్ణి! ఇప్పుడు ఒక్కటే కప్పు, కొలిచి. సగం పళ్ళెం కూరలే. ఆవకాయ వదల్లేదు గాని, ముద్దలు తగ్గాయి. కాఫీలో పంచదార మానేశాను. మొదటి నెల ప్రాణం ఉసూరుమంది, తరవాత అలవాటయింది. ఏడు నెలల్లో 178 పౌన్ల నుంచి 165కి వచ్చాను. ఏ1సి 5.8. ఇంకా గుమ్మంలోనే ఉన్నాను, కాని ముఖం ఇప్పుడు వీధివైపు ఉంది.

సభ్యులందరికీ ఒక మనవి. ముప్పై అయిదు దాటినవారు ఒకసారి పరీక్ష చేయించుకోండి, వచ్చిన కాగితాన్ని దాచకండి. ఈసారి పండుగ విందులో "ఇంకొక్క బొబ్బట్టు, నా మీద ఒట్టు" అని కొసరి వడ్డించే ప్రేమని కాస్త అదుపులో పెట్టుకుందాం. ఒట్టు మీదే అయినా, పొట్ట మాది కదా!

ఆ పెద్దాయన ఈసారి కూడా లైనులో నా వెనకే నిలబడాలని కోరుకుంటున్నాను. అందరికీ దీపావళి శుభాకాంక్షలు.