సభకు విరామం... జీవోలకు లేదు

2025 మే 30న తెలంగాణ ప్రభుత్వం 49వ నంబరు జీవో జారీ చేసింది. కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ అటవీ డివిజన్లలోని సుమారు లక్షన్నర హెక్టార్లను కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. కవ్వాల్, తడోబా అడవుల మధ్య పులులు తిరిగే దారిని కాపాడడం దాని ఉద్దేశం. భూమి పోతుందన్న భయంతో పోడు సాగు మీద బతికే పల్లెల్లో ఆందోళన చెలరేగింది. ఆదివాసీ సంఘాలు బంద్‌కు పిలుపునిచ్చాయి. చివరికి జులై 21న జీవోను నిలుపుదల చేశారు. ఇంత జరిగిన ఆ 52 రోజుల్లో శాసనసభ ఒక్క పూట కూడా కూర్చోలేదు. బడ్జెట్ సమావేశాలు మార్చి 27న ముగిస్తే, సభ మళ్లీ కొలువుదీరింది ఆగస్టు 30న.

ఇంతకాలం సభ కూర్చోకపోవడంలో నిబంధనల ఉల్లంఘన ఏదీ లేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

రాజ్యాంగంలోని 174వ అధికరణ ప్రకారం ఒక సెషన్ చివరి రోజుకు, తదుపరి సెషన్ మొదటి రోజుకు మధ్య ఆరు నెలలు దాటకూడదు. సభను రోజువారీగా గానీ, నిరవధికంగా గానీ వాయిదా వేసేది స్పీకర్. మంత్రిమండలి సలహాపై సెషన్‌ను ముగించేది (ప్రొరోగ్ చేసేది), మళ్లీ పిలిచేది గవర్నర్. ఎన్ని రోజులు కూర్చోవాలో మాత్రం రాజ్యాంగం చెప్పలేదు. 1935 భారత ప్రభుత్వ చట్టం ఏడాది వరకూ విరామాన్ని అనుమతించేది. రాజ్యాంగ నిర్మాతలు దాన్ని ఆరు నెలలకు కుదించి, ఏడాదికి కనీసం రెండుసార్లు సమావేశం కావాలన్నారు. 1951లో మొదటి సవరణ ఆ ‘రెండుసార్లు’ అన్న మాటను తీసేసింది. మిగిలింది ఆరు నెలల హద్దు ఒక్కటే. ఎంత తీరిక లేకపోయినా ఇది దాటొద్దని పెట్టిన ఆ గడువు క్రమంగా సమావేశాల క్యాలెండర్‌గా మారిపోయింది.

ఏ పార్టీ అధికారంలో ఉన్నా తీరు ఒక్కటే. 2023 ఫిబ్రవరిలో బడ్జెట్ సమావేశాలు ముగించిన తెలంగాణ సభ ఆరు నెలలు నిండబోతుండగా ఆగస్టు 3న మొదలై నాలుగు రోజుల్లో ముగిసింది. ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో విలీనం చేసే బిల్లు అంతటిది ఆ హడావుడిలోనే గట్టెక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 బడ్జెట్ సమావేశం ఒక్క రోజు ముచ్చటే. ప్రొరోగ్ చేయకపోవడం ఇంకో పద్ధతి. 2021 అక్టోబరులో వాయిదా పడిన తెలంగాణ సభను అదే సెషన్‌కు కొనసాగింపుగా 2022 మార్చి 7న బడ్జెట్‌కు పిలిచారు. కొత్త సెషన్ కాదన్న కారణంతో గవర్నర్ ప్రసంగం లేకుండానే కానిచ్చారు. దీనిపై నాటి గవర్నర్ తమిళిసై బహిరంగంగానే అభ్యంతరం తెలిపారు.

సభ ఉండి ఉంటే 49వ జీవో విషయంలో ఏం జరిగేది? వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 36ఏ సెక్షన్ ప్రకారం, స్థానికులతో సంప్రదించిన తర్వాతే కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించాలి. ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరితో సంప్రదించారని సిర్పూర్, ఆసిఫాబాద్ ఎమ్మెల్యేలు ప్రశ్నోత్తరాల సమయంలో అడిగేవారు. మంత్రి లేచి జవాబివ్వాల్సి వచ్చేది. ఆ జవాబు చాలకపోతే అనుబంధ ప్రశ్నలుండేవి. చెప్పిన ప్రతి మాటా రికార్డుకెక్కేది. పులి దాడులకు ప్రాణాలు పోతున్న గ్రామాల భయం, పులి దారి తెగిపోతే అడవికి కలిగే నష్టం రెండూ ఒకే చర్చలో ఎదురెదురుగా నిలిచేవి. సభ లేదు గనుక ప్రజలకు రోడ్డు మిగిలింది, ప్రభుత్వానికి పత్రికా ప్రకటన మిగిలింది. నిలుపుదల అంటే రద్దు కాదు. ఆ తేడాను సభాముఖంగా తేల్చమని అడిగే అవకాశం రైతుకు ఆ రోజు దక్కలేదు.

విరామం ఆర్డినెన్సులకూ తలుపు తెరుస్తుంది. 213వ అధికరణ ప్రకారం సభ సెషన్‌లో లేనప్పుడే గవర్నర్ ఆర్డినెన్సు జారీ చేయగలరు. 2025 జులై 10న బీసీ రిజర్వేషన్ల కోసం పంచాయతీరాజ్ చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. దానికి గవర్నర్ ఆమోదం దక్కలేదు. ఆగస్టు 31న బిల్లుగా సభకు తేక తప్పలేదు. అంత ముఖ్యమైన విషయమైతే జులైలోనే సభను పిలవడానికి అడ్డేమిటి?

ఎమ్మెల్యేలు నియోజకవర్గంలో ఉండాలని, సమావేశాలకు ఖర్చవుతుందని వాదించేవారున్నారు. నియోజకవర్గంలో విన్నదాన్ని సభలో చెప్పడానికే వారిని ఎన్నుకున్నాం. జస్టిస్ వెంకటాచలయ్య నేతృత్వంలోని రాజ్యాంగ సమీక్షా కమిషన్, 70 మంది కన్నా ఎక్కువ సభ్యులున్న సభలు ఏడాదికి కనీసం 90 రోజులు కూర్చోవాలని 2002లోనే సూచించింది. 119 మంది సభ్యులున్న మన సభకు ఇది అక్షరాలా వర్తిస్తుంది.

చేయాల్సినవి మూడు. ఏటా జనవరిలోనే సమావేశాల తేదీలు ప్రకటించాలి, 90 రోజుల లక్ష్యానికి దశలవారీగా చేరాలి. విరామంలో వేల కుటుంబాల భూమిని తాకే జీవో ఏది ఇచ్చినా తొలి రోజే సభ ముందుంచి చర్చకు సమయం కేటాయించాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. సభను పిలిపించే హక్కు సభ్యులకూ ఉండాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఎమర్జెన్సీ చేదు అనుభవం తర్వాత 1978లో వచ్చిన 44వ సవరణ, లోక్‌సభలో పదో వంతు సభ్యులు రాతపూర్వకంగా కోరితే 14 రోజుల్లో ప్రత్యేక సమావేశం జరపాలని 352వ అధికరణలో చేర్చింది. అది ఎమర్జెన్సీ రద్దుకే పరిమితం. అదే సూత్రాన్ని రాష్ట్ర సభలకూ తేవాలంటే 174వ అధికరణను సవరించాలి. అప్పటిదాకా స్పీకర్ చేతిలో ఉన్న దారి చాలు. ప్రొరోగ్ కాని సభను మళ్లీ సమావేశపరిచే అధికారం స్పీకర్‌దేనని పంజాబ్ కేసులో 2023 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పదో వంతు, అంటే పన్నెండు మంది ఎమ్మెల్యేలు కోరితే సభ పిలుస్తామని స్పీకర్ ఒక సంప్రదాయం నెలకొల్పితే అడ్డుచెప్పే చట్టమేదీ లేదు.

ప్రభుత్వం ఏడాది పొడవునా నిర్ణయాలు తీసుకుంటుంది. వాటిని ప్రశ్నించే సభ కొద్ది వారాలే కూర్చుంటే ఎమ్మెల్యేను ఎన్నుకున్న ఓటుకు సగం విలువే దక్కుతుంది. హైదరాబాద్‌కు దూరంగా, అడవి అంచున ఉన్న మాలాంటి ప్రాంతాలకు సభలో వినిపించే గొంతే పెద్ద బలం. ఆరు నెలల గడువు సాకుతో దాన్ని నొక్కేయొద్దు.